రీలు లేని కెమెరా

బావ మెడలో ఏళ్ళ తరబడి వేలాడుతూ వస్తున్న కెమెరాని చేతిలోకి తీసుకుని, చీకటమ్మ దాని వెనక తలుపు తీసింది. పోయినసారి అక్కడ ఆగాం. లోపల రీలు లేదు. ముందురోజు పెళ్ళి నుంచి తిన్నగా ఇంటికొచ్చిన కెమెరా అది. పెళ్ళికూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి బావ దాని మీట నొక్కుతుంటే చుట్టాలంతా మాటలాపి చూశారట. తీరా చూస్తే రీలు కూర్చోవాల్సిన గుంటలో బూజు పట్టి ఉంది.

ఈ ఇంటి సంగతి కొత్తగా వింటున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. స్టూడియో నాన్నది. పెద్దకూతురు కౌంటర్లో కూర్చుంటుంది, ఆమె మొగుడు పెళ్ళిళ్ళకి వెళ్ళి ఫొటోలు తీస్తాడు, చిన్నకూతురు మేడ మీద చీకటి గదిలో రీళ్ళు కడుగుతుంది. ఆ చిన్నకూతురికి చీకటమ్మ అని పేరు పెట్టింది బావే, అల్లుడిగా వచ్చిన కొత్తలో. సరదాకి పెట్టిన పేరు అతుక్కుపోయింది. అసలు పేరు ఇప్పుడు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక ఆ వీధిలో స్టూడియోలన్నీ ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. ఒకటి చెప్పుల దుకాణమైంది. ఇంకొకటి ఆ ఫోన్లనే బాగుచేసే కొట్టయింది. వీళ్ళదీ అదే దారి పడుతుందనుకుంటున్న రోజుల్లో కుర్రకారుకి పాతవాటి మీద మోజు పుట్టింది. ఫోన్లో తీసుకున్న వెయ్యి ఫొటోల కన్నా రీలు మీద పడ్డ ఒక్క ఫొటో నిజమైనదన్నారు. బావ ఆ గాలి పసిగట్టాడు. రీలు మీద తీసే పెళ్ళి ఫొటోలకి మామూలు కన్నా మూడింతలు రేటు పెట్టి, ‘ఫిల్ము చావదు’ అని గుమ్మం మీద బోర్డు రాయించాడు. పెళ్ళికొకటో రెండో రీళ్ళు మరదలి చేతిలో పెట్టి, మిగతావి నగరంలో పెద్ద ల్యాబుకి పంపుతున్నాననేవాడు. ఇంటిమనిషి మాట కదా, ఆమె నమ్మింది.

ఇప్పుడా కెమెరా పట్టుకుని ఆమె మెట్లెక్కి బావ పనిగదిలోకి వెళ్ళింది.

బావ కంప్యూటర్ ముందు కూర్చుని ఫలహారం చేస్తున్నాడు. నూనె చేతిని పక్కనున్న మెత్తటి పసుపు గుడ్డకి తుడుచుకున్నాడు. అది కెమెరా కటకాలు తుడుచుకునే గుడ్డ. అతనలా తుడుచుకోవడం ఎప్పుడూ చిన్న విషయమే అనుకునేది ఆమె. ఆ పూట మాత్రం ఆ గుడ్డ మీద విస్తరించిన నూనె మరకని చూస్తే నాలుక మీద చేదు తగిలింది.

కెమెరాని, తీసిన తలుపు తీసినట్టే, అతని పళ్ళెం పక్కన పెట్టింది.

బావ దాన్నొకసారి చూశాడు. తర్వాత మరదల్ని చూశాడు. ముద్ద నమిలి మింగాడు.

"ఇన్నాళ్ళకి తీశావన్నమాట. ఎప్పుడో తీస్తావనుకున్నాను, మరదలా. కూర్చో."

దొరికిపోయిన దొంగ తడబడతాడని, కనీసం అబద్ధమైనా ఆడతాడని అనుకుంటూ వచ్చింది ఆమె. అబద్ధమాడితే బాగుండునని కూడా అనిపించింది. అబద్ధమాడేవాడికి ఇంకా సిగ్గు మిగిలి ఉన్నట్టు.

"మరి పెద్ద ల్యాబుకి పంపిన రీళ్ళు?"

"ల్యాబూ లేదు, రీళ్ళూ లేవు. నా వెనకాల నిలబడే అసిస్టెంటు చేతిలో ఉండేది మామూలు డిజిటల్ కెమెరా. తీసేదంతా వాడే. నేను దీన్ని మెడలో వేసుకుని తిరుగుతాను. జనానికి కావాల్సింది ఇది చేసే చప్పుడు. ఆ చప్పుడు ఇస్తున్నాను."

"నాకు ఇచ్చిన రీళ్ళో?"

ఇక్కడ మాత్రం బావ కాస్త మెత్తబడ్డాడు. ఆ మెత్తదనమే ఆమెకి కొరడాలా తగిలింది.

"అవి నీ కోసం తీసేవాణ్ణి. ఇంకో పాత కెమెరాతో ఓ పక్కకి వెళ్ళి పెళ్ళికూతుర్నో, పూలబుట్టనో నాలుగు తీసి తెచ్చేవాణ్ణి. నీకు పని లేకపోతే ఏం తోస్తుంది చెప్పు. మీ నాన్న కూడా అన్నారు, దాని చేతులు ఖాళీగా ఉంటే మనిషి పాడైపోతుందని."

"నేను కడిగి ఇచ్చినవన్నీ ఏమయ్యాయి?"

"అటక మీద ఉన్నాయి. పారెయ్యలేదులే."

వేసవిలో ఆ గదిలో ఉక్కతో చెమట కారిపోతున్నా మందు నీళ్ళు వెచ్చబడకుండా మంచు గడ్డలు వేసిన గిన్నెలో సీసాలు నిలబెట్టుకుని, తడిసిన కాగితం అంచు పట్టుకుని, ఒక పెళ్ళికూతురి ముక్కుపక్క నీడ తేలిపోకూడదని కళ్ళు చిట్లించుకున్న పొద్దులన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. పసిపిల్లకి అట్టపెట్టె ఇచ్చి ఆడుకోమన్నట్టు ఆడించారు తనని. నలభై దాటిన మనిషిని.

బావకి మాత్రం దాచుకున్నది బయటపడ్డ హుషారు వచ్చేసింది. కుర్చీ పక్కకి లాగి స్క్రీను చూపించాడు. తెర మీద నిన్నటి పెళ్ళికూతురు, నున్నగా, బొమ్మల కొట్టులో బొమ్మలా. ఒక మీట నొక్కాడు. మొహం మీద సన్నటి గరుకు పరుచుకుంది, అచ్చం రీలు మీద పడే గరుకులాగే. ఇంకో మీటకి గీతలు పడ్డాయి. మరోదానికి మూలన ఎర్రటి మరక, కెమెరాలోకి వెలుగు కారితే పడే మరక.

"కవర్లోపల కాస్త వెనిగర్ చల్లుతాం," అన్నాడు. "అచ్చం మీ చీకటి గది వాసన వస్తుంది. జనం కవరు తెరవగానే వాసన చూసి మురిసిపోతారు. ఆ పని మీ అక్కది."

చీకటమ్మకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ గది వాసన ఏనాడూ రోత పుట్టించలేదు. వచ్చిపోయేవాళ్ళు ముక్కు మూసుకుంటే నవ్వుకునేది. ఇప్పుడు అక్క కౌంటర్ వెనక కూర్చుని సీసా మూతతో ఒక్కో కవరులో చల్లుతున్నట్టు కళ్ళకి కట్టి, తనే ముక్కు మూసుకుంది.

"ఇది చూడు. అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయేది ఇదే." బావ ఆఖరి మీట నొక్కాడు.

ఫొటో కింది మూల, పెళ్ళికూతురి చీర అంచు మీద, ఒక వేలిముద్ర తేలింది. బొటనవేలిది. మధ్యలో అడ్డంగా తెల్లటి గాటు.

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

అమ్మ బొటనవేలు అది. ఫ్రేములకి అద్దాలు కోస్తుంటే తెగి, మానినా రెండు ముక్కల్లా మిగిలిపోయిన వేలు. కడిగిన నెగెటివ్‌లని తీగ మీద ఆరేసే పని అమ్మదే. అంచు పట్టుకోవే, మధ్యలో వేలు పెట్టకే అని నాన్న కేకలేస్తూనే ఉండేవాడు. అమ్మ పోయాక పాత పెట్టెలో ఒక నెగెటివ్ మీద ఆ ముద్ర దొరికింది. నాన్న దాన్ని తుడవలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పలచటి కాగితంలో చుట్టి తన బీరువాలో పెట్టుకున్నాడు. పండుటాకు ముట్టుకున్నట్టు ఏడాదికోసారి తీసి చూసుకునేవాడు.

"దీని పేరేంటో తెలుసా?" అన్నాడు బావ. "అత్తయ్య వేలు. ఇది పడ్డ ఫొటో చూస్తే, ఎవరో మనిషి కూర్చుని చేత్తో చేసినట్టుందండీ అంటారు కస్టమర్లు. మూడు నాలుగు స్టూడియోలవాళ్ళు అడిగి తీసుకున్నారు కూడా."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎవరెవరి ఇళ్ళ గోడల మీదో, ఎవరెవరి ఫోన్లలోనో, పరాయి పెళ్ళికూతుళ్ళ చీరల మీదా మెడల మీదా అమ్మ వేలు పడి ఉంది. చచ్చిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని ఊళ్ళో ప్రతి తలుపూ కొట్టించినట్టు.

"ఆ నెగెటివ్ మీకెక్కడిది?"

బావని ఆమె ‘మీరు’ అనడం అదే మొదలు. అతనికీ అది తెలిసింది. మొహంలో హుషారు తగ్గింది.

"దొంగిలించలేదు. మీ నాన్నే ఇచ్చారు."

"నాన్న ఇవ్వరు."

"ఇచ్చాను," అన్నాడు నాన్న.

ఎప్పుడొచ్చాడో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు వణకడం మొదలైన నాటి నుంచీ నాన్న చీకటి గదిలోకి రావడం మానేశాడు. కానీ ఏ రీలు ఎంతసేపు నానాలో, ఏ కాగితం ఎప్పుడు పైకి తీయాలో ఇప్పటికీ ఆమె నాన్ననే అడుగుతుంది. తెలియక కాదు, అడగడం అలవాటు.

"నీకు ఇదంతా తెలుసా, నాన్నా?"

"తెలుసు."

"మొదటి నుంచీనా?"

నాన్న లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నట్టు జాగ్రత్తగా కుర్చీలో కూర్చున్నాడు. "రీళ్ళు దొరకడం మానేశాయి. దొరికినవి బంగారం రేటు. మందులు తయారుచేసేవాళ్ళు చేతులెత్తేశారు. స్టూడియో మూసేద్దామని నేనంటే, అల్లుడు ఈ మార్గం చెప్పాడు. ఏం చెయ్యమంటావు? ఇంతమందిమి ఇక్కడే తింటున్నాం."

"తినడానికి అమ్మ వేలే దొరికిందా?"

నాన్న స్క్రీను వైపు చూస్తూ అన్నాడు. "నా బీరువాలో ఉంటే దాన్ని చూసేది నేనొక్కణ్ణే. నేను పోతే అదీ చెత్తలోకే పోతుంది. ఇప్పుడు చూడు, ఎన్ని ఇళ్ళలో ఉందో. అలాగైనా బతికింది కదా అనుకున్నాను."

ఆ మాట నాన్న నమ్మి అంటున్నాడా, నమ్మించుకుని అంటున్నాడా అని ఆమె మొహంలోకి చూసింది. సగం నమ్ముతున్నాడు. పూర్తిగా అబద్ధమైతే కోపం వచ్చేది. ఈ సగం నమ్మకం చూస్తే రోత కలిగింది. ఎంగిలి నీళ్ళలో తేలే మెతుకుల్ని చూసినప్పుడు కలిగేలాంటిది. ఈ మనిషి దగ్గరే కదా తను పని నేర్చుకుంది, ఈ చేతులే కదా తనవి కూడా అనిపించి ఆ రోత తన మీదకీ పాకింది.

"ఫిల్ము చచ్చిపోతే చచ్చిపోనీ, నాన్నా," అంది. "రోలు పోయింది, రోకలి పోయింది, ఎవరేం చేశాం? దీనికీ ఒక రోజు వస్తుందని నాకు తెలీదా? వచ్చిన రోజున తాళం వేసి, నాలుగు కన్నీళ్ళు కార్చి, ఇంకో పని చూసుకునేదాన్ని. కానీ శవానికి రంగు పూసి, కుర్చీలో కూర్చోబెట్టి, లేచి నవ్వుతోంది చూడండి అని టిక్కెట్లు అమ్ముతారా?"

"మాటలు పెద్దవి వద్దు," అన్నాడు బావ. "తీసుకున్నవాడు ఆనందంగా ఉన్నాడు, ఇచ్చినవాడు ఆనందంగా ఉన్నాడు. మధ్యలో నీకొచ్చిన నష్టమేంటి? ఇప్పుడు నీతో నిజంగా ఒక పని పడింది. అది చేసి పెట్టు, తర్వాత ఎంత తిట్టినా పడతాను."

ఆ పని ఏమిటో చెప్పాడు. ఎండాకాలంలో ఒక నర్సు పెళ్ళి తీశారు. పెళ్ళయిన వారానికే ఆ పిల్ల తండ్రి గుండె ఆగి పోయాడు. ఆ పిల్ల ఇప్పుడు నెగెటివ్‌లు కావాలంటోంది. ఫొటోలిచ్చాం కదమ్మా అంటే వినడం లేదు, నెగెటివ్‌లే కావాలని నాలుగైదుసార్లు తిరిగింది.

"స్క్రీను మీద ఆ ఫొటోలు పెడతాను. నువ్వు అసలు రీలు వేసి ఒక్కొక్కటీ ఈ స్క్రీను మీంచే కొట్టు. కడిగి ముక్కలు కోసి కవర్లో పెట్టు. నెగెటివ్ నెగెటివే. తేడా ఎవరు కనిపెడతారు? ఆ పిల్ల ఏడుపు ఆగుతుంది."

"చెయ్యమ్మా," అన్నాడు నాన్న నేల చూస్తూ. "ఈ ఒక్కటీ చెయ్యి."

ఇన్నాళ్ళూ ఆడుకోవడానికి ఇచ్చిన రీళ్ళు వేరు, ఇప్పుడడిగేది వేరు. ఇప్పుడామెని లోపలికి రమ్మంటున్నారు. ఒక్కసారి ఆ నీళ్ళలో చెయ్యి ముంచితే తర్వాత వేలెత్తి చూపించడానికి తనకీ వేలుండదు. బావ మొహంలో ఆ లెక్క చాలా స్పష్టంగా కనిపించింది.

కింద నుంచి అక్క గొంతు వినిపించింది. "ఏమండీ, ఆ అమ్మాయి వచ్చింది. ఏం చెప్పమంటారు?"

బావ లేవబోయాడు. చీకటమ్మ అంతకన్నా ముందు మెట్లు దిగుతోంది.

"ఏయ్, ఎక్కడికి? చీకటమ్మా, ఆగు. ఇంటి పరువు."

ఆమె వెనక్కి తిరగలేదు. పరువట. కంపు కొట్టే కుండకి మూత సరిచేస్తున్నారు.

నర్సు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది. తెల్ల దుస్తుల మీద చలికోటు వేసుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. కౌంటర్ అద్దం మీద రెండు చేతులూ పెట్టి, అడుక్కునేదానిలా కాకుండా, వార్డులో ఆలస్యంగా వచ్చిన డాక్టర్ కోసం ఎదురుచూసేదానిలా నిలబడి ఉంది. అక్క వెనిగర్ సీసా మీద గుడ్డ కప్పింది. చీకటమ్మ అది చూసింది.

"అమ్మా, రీళ్ళు కడిగేది నేను," అంది. "మీ పెళ్ళికి నెగెటివ్‌లు లేవు. పోలేదు, పాడవలేదు. అసలు లేవు. మీ పెళ్ళిలో మా బావ మెడలో ఉన్నది ఖాళీ కెమెరా. మీరు డబ్బిచ్చింది రీలు ఫొటోలకి. మీకిచ్చింది కంప్యూటర్లో ముసలితనం పూసిన ఫొటోలు."

"ఒసేయ్," అంది అక్క సన్నగా.

నర్సు కళ్ళార్పకుండా చూసింది. ఆమె కేకలేస్తుందని, ఏడుస్తుందని, కౌంటర్ మీదున్న ఫ్రేమ్ తీసి విసురుతుందని చీకటమ్మ ఎదురుచూసింది. విసిరినా బాగుండేది. అలాంటిదేమీ జరగలేదు.

"పెళ్ళివి ఎలా తీస్తేనేమండీ," అంది నర్సు అలసిపోయిన గొంతుతో. "మా ఆయనకి మోజు, ఆయన కట్టాడు. నేనడిగేది అవి కాదు. మా నాన్న రీలు."

"మీ నాన్న రీలా?"

"నాన్న దగ్గర పాత కెమెరా ఉండేది. పెళ్ళిలో దాంతోనే ఓ పక్క తిరిగాడు. ఆయన పోయాక అందులో రీలు అలాగే ఉంది. కడగమని నేనే తెచ్చి ఇచ్చాను, ఈ కౌంటర్లో. కడిగి ఫొటోలు ఇచ్చారు. నెగెటివ్ ఇవ్వలేదు."

ఆమె సంచిలోంచి ఒక పుస్తకం తీసి, దాని మధ్య నుంచి ఫొటోలు బయటికి తీసి అద్దం మీద పరిచింది. పెళ్ళికూతురు నవ్వుతూ. పెళ్ళికూతురు చెంప మీద ఎవరిదో చెయ్యి. పెళ్ళికూతురు తల వంచుకుని చెప్పులు సరిచేసుకుంటూ. అన్నిటి మీదా అదే గరుకు. చెప్పులు సరిచేసుకుంటున్న ఫొటో కింది మూల, అడ్డంగా గాటు పడ్డ బొటనవేలు.

పైన బావ చెప్పింది సగమే. పెళ్ళివాళ్ళని మోసం చెయ్యడం ఒక ఎత్తు. కడగమని నమ్మి చేతిలో పెట్టిన రీలుని మాయం చేసి, దాని బదులు తమ ఫొటోలే ఇచ్చి పంపడం ఇంకో ఎత్తు. చచ్చినవాడి కళ్ళు పీకి గాజు కళ్ళు పెట్టి ఇచ్చారు.

"ఇవి మీ నాన్న తీసినవి కావమ్మా," అంది. చెప్పకుండా ఉండలేకపోయింది. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది.

నర్సు ఫొటోల వంక చూసింది. ఒక్కొక్కటే వేలితో దగ్గరికి జరిపింది.

"వీటిని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నానండీ," అంది. "చెప్పులు సరిచేసుకునేటప్పుడు కూడా నన్నే చూస్తున్నాడా అనుకునేదాన్ని. నాన్న కంటితో నన్ను నేను చూసుకుంటున్నాననుకున్నాను. అయితే ఇది ఎవరు చూసింది?"

చూసింది, బావ మెడలో ఖాళీ కెమెరా వేలాడుతుంటే వెనక నిలబడ్డ అసిస్టెంటు.

నర్సు ఆ ఫొటోలని మళ్ళీ పుస్తకంలో పెట్టుకోలేదు. అంటుజబ్బు రోగి పక్కబట్టలని జరిపినట్టు, రెండు వేళ్ళతో కౌంటర్ మీదే అక్క వైపు నెట్టేసింది. ఆ జరపడంలో ఉన్న ఏవగింపు చూసి చీకటమ్మకి ఆ ఇంట్లో ఇంకొక మనిషి దొరికినట్టనిపించింది.

"అక్కా, ఆ రీలు ఎక్కడ?"

అక్క చీర కొంగుని వేలికి చుట్టుకుంటోంది.

"నిన్నే అడుగుతున్నాను. పారేశారా?"

"మీ బావనడుగు."

"ఆయన్నడిగితే ఇంకో మీట నొక్కి చూపిస్తాడు. నువ్వు చెప్పు. ఈ కౌంటర్లో తీసుకున్నది నువ్వు."

"నేనేం పారెయ్యలేదు," అంది అక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పారేద్దామన్నది ఆయన. వద్దన్నది నాన్న. నన్నెందుకు నిలదీస్తావు? నాకేం తెలుసు? నేను చూడను కూడా చూడలేదు. సగమే చూశాను."

"ఏం చూశావు?"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావవి కావు. ఒక్కో మెట్టుకీ ఆగి దిగుతున్న అడుగులు. నాన్న కిందికి వచ్చాడు. ఆఖరి మెట్టు మీద నిలబడి, ఊపిరి కూడదీసుకుని, చిన్నకూతురి వంక కాకుండా నర్సు వంక చూశాడు.

"ఆ రీలు నేనే కడిగానమ్మా," అన్నాడు. "అల్లుడు ఏదో రకంగా లాగించేద్దామంటే, పోయినవాడి రీలు కదా అని, ఎవరికీ చెప్పకుండా నేనే గదిలోకి వెళ్ళాను. చేతులు వణికినా కడిగాను. బాగానే వచ్చింది. నెగెటివ్ నా దగ్గర భద్రంగా ఉంది."

"మరి నాకెందుకు ఇవ్వలేదు?" అంది నర్సు.

నాన్న ఆ మెట్టు కూడా దిగి కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"అందులో నీ పెళ్ళి లేదమ్మా," అన్నాడు. "ఒక్క ఫొటో కూడా లేదు."

"అదెలా? నాన్న రోజంతా కెమెరా పట్టుకుని మండపంలోనే తిరిగాడు. నేను చూశాను. ఆయన తీసింది నన్ను కాకపోతే ఎవర్ని?"

నాన్న మెల్లగా తల తిప్పి అక్క వైపు చూశాడు. అక్క లేచి, ఎవరి మొహమూ చూడకుండా కౌంటర్ చుట్టూ తిరిగి వెళ్ళి, వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. ఈసారికి ఇక్కడ ఆగుదాం.